‘తాగుబోతు’కి స్త్రీలింగం

2017 జూలైలో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం మాదకద్రవ్యాల కేసులో తెలుగు సినిమావాళ్ళని ఒక్కొక్కరినే పిలిపించి హైదరాబాదులో గంటల తరబడి ప్రశ్నించింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 25న, ‘అర్జున్ రెడ్డి’ విడుదలైంది. మొదటిది టీవీల్లో నడిచింది, రెండోది థియేటర్లలో నడిచింది. చూసింది మాత్రం ఒకే జనం. మొదటిదాంట్లో మత్తు నేరం. రెండోదాంట్లో మత్తు విరహవేదన. ఆ సినిమా కథానాయకుడు స్వయంగా సర్జను. తాగి ఆపరేషన్ చేస్తూ కూలబడతాడు, పరీక్షల్లో దొరుకుతాడు, లైసెన్సు పోగొట్టుకుంటాడు. అయినా కథ అతన్ని ఎక్కడా రోగిగా చూడదు. నాయనమ్మ పోయాక తనంతట తానే మానేస్తాడు. మానేసినవాడికి పోయిన ప్రేమ తిరిగి దొరుకుతుంది. మధ్యలో, మందుగ్లాసు పగలగొట్టిందని ఒక పనిమనిషిని అతను వీధి వెంట తరుముతాడు. నేను చూసిన రోజు ఆ సన్నివేశానికి హాలంతా పగలబడి నవ్వింది. ఆ పరిగెత్తే ఆమె మీద నుంచి నా ఆలోచన ఇప్పటికీ మళ్ళలేదు. మత్తులో ఉన్న మగవాడి కథలో ఆమె ఎవరు? ఆమెకి ఇందులో ఏ పాత్ర ఇచ్చారు?

మత్తుమందుల వాడకాన్ని నేరంగా చూడాలా, ఆరోగ్య సమస్యగా చూడాలా అన్న చర్చ మన పత్రికల్లో అప్పుడప్పుడూ పైకి తేలుతుంది. అప్పుడు పోలీసు అధికారులు ఒక మాట చెప్తారు, మానసిక వైద్యులు ఒక మాట చెప్తారు. సాహిత్య విద్యార్థుల్ని ఎవరూ అడగరు. అడిగితే నా జవాబు సూటిగానే ఉంటుంది. వాడినవాణ్ని, వాడినదాన్ని జైల్లో పెట్టడం అన్యాయం, అది ఆరోగ్య సమస్యే. కానీ ‘ఆరోగ్యం’ అన్నంత మాత్రాన స్త్రీలకి న్యాయం జరిగిపోతుందని కూడా నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పడానికి నాకు చట్టం ఒక్కటే చాలదు. మనం ఇంతకాలంగా చెప్పుకుంటున్న కథలు కావాలి.

ముందు చట్టాన్ని కూడా ఒక పాఠ్యంలా చదివి చూద్దాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 27వ సెక్షన్ వాడకాన్నే నేరం చేస్తుంది. కొకైన్, మార్ఫిన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది దాకా జైలు, మిగిలినవైతే ఆరు నెలల దాకా. అదే చట్టంలో 64ఎ అని ఇంకో సెక్షన్ ఉంది. బానిసైన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి వైద్యం చేయించుకుంటే కేసు నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం పూర్తి చేయకపోతే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. ఇందులో తమాషా ఏమిటంటే, బానిసనని ఒప్పుకున్నవాళ్ళకే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వాడినవాళ్ళు రోగులు కారు కాబట్టి నేరస్తులుగానే మిగులుతారు! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమేమో మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగం వల్ల వచ్చే మానసిక స్థితుల్ని మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. అంటే మన చట్టాల్లో నేరం, జబ్బు రెండూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. ఏ మనిషికి ఏ సెక్షన్ తెరవాలన్నదే అసలు విషయం.

ఆ తెరవడం ఎలా జరుగుతుందో హైదరాబాదే చూపించింది. 2017 కేసులో, మాదకద్రవ్యాలు వాడిన సినిమావాళ్ళని బాధితులుగా చూస్తాం, సరఫరా చేసినవాళ్ళనే నిందితులుగా చూస్తాం అని ప్రభుత్వం చెప్పింది. మంచి మాట. 2021 అక్టోబరులో ధూల్‌పేట, మంగళ్‌హాట్ వైపు పోలీసులు రోడ్డు మీద పోయేవాళ్ళని, బండి మీద వెళ్ళే కుర్రాళ్ళని ఆపి, వాళ్ళ ఫోన్లు తీసుకుని ‘గంజాయి’ అనే మాట కోసం మెసేజ్‌లు వెతికారు. ఆ వీడియోలు దేశమంతా చూసింది. జూబ్లీహిల్స్‌లో బాధితుడు, ధూల్‌పేటలో అనుమానితుడు. నాలుగేళ్ళ తేడాలో, అదే ఊళ్ళో. కులం, వర్గం, పేట చూసి జబ్బో నేరమో తేలుతున్నప్పుడు ‘నేరమా, జబ్బా’ అని గాల్లో అడిగితే జవాబు దొరకదు.

2017 కేసులోనే ఇంకో సంగతి జరిగింది. విచారణకి పిలిచిన ఒక నటి హైకోర్టుకి వెళ్ళింది. తన అంగీకారం లేకుండా రక్తం, వెంట్రుకల నమూనాలు తీసుకోకూడదని అడిగింది. బలవంతంగా తీసుకోవద్దని కోర్టు చెప్పింది. టీవీల్లో మాత్రం ఆమె ఏ రంగు బట్టలేసుకొచ్చిందన్నదే వార్త. నా లెక్కలో ఆ మొత్తం కేసులో స్త్రీవాదులు దాచుకోవలసిన కాగితం ఆమె పిటిషనే. నా శరీరం సాక్ష్యం కాదు అని ఆమె అన్నది. నేరం అన్నా, వైద్యం అన్నా, రెండింటికీ ముందు కావలసింది ఆ శరీరమే కదా.

నేనుండేది రామంతాపూర్‌లో. పట్టుబడ్డ పొట్లాల్లో ఏముందో తేల్చే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల మా పేటలోనే ఉంది. ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల, దాని ఆస్పత్రి మా పేటలోనే ఉన్నాయి. దూరదర్శన్ కేంద్రమూ మా పేటలోనే. పొట్లం ఒక గేటులోకి, రోగి ఒక గేటులోకి, కథ ఒక గేటులోకి పోతుంటే, తార్నాక మీదుగా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళే బస్సు కోసం నేను నిలబడి ఉంటాను. ఆ మూడో గేటు గురించే మాట్లాడే అర్హత నాకుంది. మత్తు గురించి మనకి అన్నిటికంటే ముందు చెప్పింది కథలే.

1953లో వచ్చిన ‘దేవదాసు’తో మొదలుపెడదాం. మూడు తరాల తెలుగువాళ్ళకి తాగుడంటే ఆ సినిమా. జమీందారు బిడ్డ తాగి తాగి చచ్చిపోతాడు. అది నేరం అని ఎవరూ అనుకోలేదు. రోగం అని కూడా అనుకోలేదు, అతను దగ్గి రక్తం కక్కుతున్నా సరే. అది ప్రేమ. తాగుడు మగవాడి అంతరంగానికి సాక్ష్యం అయిపోయింది. ఎంత తాగితే అంత లోతు. పార్వతికి అలాంటి లోతు చూపించుకునే దారి లేదు. ఆమె ఇల్లు చక్కబెట్టుకోవాలి, ముసలి మొగుడి పిల్లల్ని పెంచాలి, చివర గేటు దాకా పరిగెత్తి పడిపోవాలి. ఆమె కూడా ఒక గ్లాసు ఎత్తి ఉంటే ఆ కథ ఏమై ఉండేదో ఊహించండి.

ఊహించనక్కర్లేదు. పార్వతిగా వేసిన సావిత్రి జీవితంలో అది జరిగింది. తాగుడు, మధుమేహం, పంతొమ్మిది నెలల కోమా, 1981 డిసెంబరు 26న మరణం. తెలుగు ఇళ్ళల్లో ఆ కథని ఎలా చెప్పుకున్నారో నా వయసు ఆడపిల్లలకి కూడా గుర్తుంటుంది. మా ఇంట్లో అమ్మమ్మ, పెద్దమ్మ ఆమె పేరెత్తినప్పుడల్లా గొంతు తగ్గించేవాళ్ళు. ‘అంత పేరున్న మనిషి, ఏం బతుకు చేసుకుంది’ అనేవాళ్ళు. దేవదాసు చావు గురించి అదే పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని పాట పాడేది. ఒకే సినిమాలోంచి వచ్చిన ఇద్దరు. ఒకరి తాగుడు కావ్యం, ఇంకొకరి తాగుడు ఆడపిల్లలకి చెప్పే హెచ్చరిక.

2018లో వచ్చిన ‘మహానటి’ ఈ లెక్క సరిచేసే ప్రయత్నం చేసింది. నాకు ఆ సినిమా ఇష్టం. కానీ అది ఆమెని క్షమించడానికి వెతికిన దారి చూడండి. భర్త ద్రోహం చేశాడు కాబట్టి తాగింది అన్నది. అంటే దేవదాసు కారణాన్నే ఆమెకి అరువిచ్చారు. ప్రేమలో దెబ్బతిన్న ఆడదాని తాగుడుని మాత్రమే మన సానుభూతి భరించగలదు. షూటింగుల అలసట వల్లనో, డబ్బు భయం వల్లనో, ఒంటరితనం వల్లనో, అసలు తాగడం బాగుండటం వల్లనో ఒక స్త్రీ తాగి ఉండవచ్చన్న ఆలోచనకి తెర మీద చోటు తక్కువ. జబ్బు అనే మాటకి స్త్రీ దగ్గరికి రావాలంటే ఒక మగవాడి సిఫార్సు కావలసి వచ్చింది!

భాషలోకి ఒకసారి వెళ్ళి వద్దాం. ‘తాగుబోతు’ అన్న మాటకి వ్యాకరణంలో లింగభేదం లేదు. ఆడమనిషికీ అనవచ్చు. అయినా ఆ మాట వినగానే మన కళ్ళముందు మగవాడే తూలుతూ వస్తాడు. తాగిన ఆడమనిషికి మనం వాడే మాట ‘తిరుగుబోతు’. ఆమె మందు తాగితే నేరం గ్లాసులో ఉండదు, శీలంలోకి పోతుంది. ‘వ్యసనం’ ఇంకా ఆసక్తికరమైన మాట. పాత తెలుగులో, సంస్కృతంలో దానికి ఆపద, దుఃఖం అని అర్థాలున్నాయి. వ్యసనపడటం అంటే బాధపడటం. చెడ్డ అలవాటు అనే అర్థం దాని పక్కనే ఉంది. నేరమా బాధా అనే చర్చ మొత్తం ఆ ఒక్క మాటలో ముందే ఇమిడి ఉంది. అయితే సప్తవ్యసనాల జాబితా తీసి చూడండి. పానం ఉంటుంది, జూదం ఉంటుంది, వేట ఉంటుంది, వాటితో పాటు ‘స్త్రీ’ కూడా ఉంటుంది. ఆ జాబితా రాసినవాడికి వ్యసనపరుడు మగవాడే. స్త్రీ అతని చేతిలో పాచికల పక్కన, పానపాత్ర పక్కన ఉన్న వస్తువు. వ్యసనమే అయినది వ్యసనపరురాలు ఎలా అవుతుంది? మన భాషలో తాగే స్త్రీకి పేరు లేకపోవడానికి ఇంతకంటే పాత కారణం నాకు కనిపించలేదు.

మగవాళ్ళ రచనల్లో మత్తుని నిజాయితీగా చూసిన సందర్భాలు లేకపోలేదు. ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం దృశ్యంలో బైరాగితో పాటు హెడ్ కనిష్టీబు కూర్చుని తాగుతాడు. పట్టుకోవలసినవాడే పక్కన కూర్చున్నాడని గురజాడ నవ్వుతూ చూపించాడు. దాని మీద మనవాళ్ళు కావలసినంత రాశారు కాబట్టి వదిలేస్తాను.

నేను ఆగవలసింది నెల్లూరు దగ్గర. 1990 దశకం మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వాడిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో ఆ పాఠం చదువుకున్న కూలి స్త్రీలు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పనిని తర్వాతి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా వేశారు. ఆ పాఠం ఇంకెన్నో ఊళ్ళకి వెళ్ళింది. సాహిత్యం సమాజాన్ని మారుస్తుందా అని సెమినార్లలో ఏళ్ళ తరబడి వాదించుకుంటాం. ఇక్కడ కొత్తగా అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు ఒక కథ చదివారు, తమ జీవితాన్ని మార్చుకున్నారు, ఆ మార్పు మళ్ళీ కథ అయింది. మన సాహిత్య చరిత్రల్లో ఈ రెండు పాఠాలకి ఒక్క పేజీ కూడా ఎందుకు ఇవ్వలేదో నాకు అర్థం కాదు. రాసినవాళ్ళకి కవిత్వ సంపుటాలు లేవనా?

1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా స్త్రీలు అడ్డుకుంటే నెల్లూరులో అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఈ ఉద్యమం మీద ‘అన్వేషి’ స్త్రీల పరిశోధన కేంద్రం 1993లోనే ఒక వ్యాసం ప్రచురించింది. ఆ తర్వాత సూసీ తారు, తేజస్విని నిరంజన రాసిన వ్యాసం మనలో చాలామందికి క్లాసులో పాఠం. ఉద్యమాన్ని వ్యాఖ్యానించినవాళ్ళు ఎవరికి వాళ్ళు తమకి కావలసిన స్త్రీని అందులో చూసుకున్నారని వాళ్ళు గమనించారు. ఒకరికి సంసారాన్ని కాపాడుకునే ఇల్లాలు, ఒకరికి నైతికశక్తి, ఒకరికి వర్గపోరాట సైనికురాలు. ఆ వ్యాసాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఇవాళ మన చర్చ కోసం మరోసారి తెరిస్తే నాకు ఇంకో ప్రశ్న కనిపించింది. ఆ స్త్రీలు తాగే మగవాణ్ని ఏమని పిలిచారు, నేరస్తుడనా, రోగి అనా?

రెండూ కాదు. కొన్ని ఊళ్ళలో తాగొచ్చినవాళ్ళకి జరిమానాలు వేశారు, గుండు కొట్టించారు. అది ఊరి శిక్ష, అందులో హింస ఉంది, దాన్ని నేను ముద్దుపెట్టుకోను. కానీ మా మొగుళ్ళని పట్టుకెళ్ళి జైల్లో వేయండి అనేది వాళ్ళ కోరిక కాదు. జైల్లో వేస్తే కూలి ఎవరు తెస్తారో వాళ్ళకి తెలుసు, పోలీసు ఇంటికి వస్తే ఏం జరుగుతుందో ఇంకా బాగా తెలుసు. ఆస్పత్రిలో చేర్చండి అనీ వాళ్ళు అడగలేదు. పొలంలోకే సారా పాకెట్ వస్తోంది, పంపుతున్నదెవరు అని అడిగారు. ‘వారుణి వాహిని’ పేరుతో 1980ల్లో పాకెట్ల సారాని ఊరూరా నడిపించింది ప్రభుత్వమే. వేలం డబ్బు ఖజానాకి పోయేది. అందుకే వాళ్ళు తాగినవాడి వెనక నుంచి అమ్మినవాణ్ని, అమ్మినవాడి వెనక నుంచి వేలం వేసిన కలెక్టర్ని వేలెత్తి చూపించారు. నేరమా జబ్బా అనే ప్రశ్న మొత్తం తాగే మనిషి చుట్టూనే తిరుగుతుంది. నెల్లూరు స్త్రీలు ఆ ప్రశ్నని పక్కకి జరిపి రాజ్యాన్ని బోనులో నిలబెట్టారు. ఇది సిద్ధాంతం కాకపోతే మరేది సిద్ధాంతం?

ఆ తర్వాత రాజ్యం ఏం చేసిందో చూడండి. పాకెట్లు నడిపించిన ముఖ్యమంత్రే మళ్ళీ గెలిచి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చాడు. ఆ చట్టం అమ్మడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం అన్నిటినీ ఒకే వాక్యంలో నిషేధించింది. స్త్రీలు విడదీసి చూపించినవాటిని చట్టం మళ్ళీ ఒకే గాటన కట్టింది. తాగేవాడూ నేరస్తుడే అయ్యాడు. 1997లో డబ్బు చాలక నిషేధం ఎత్తేశారు. తాగేవాడు మళ్ళీ గౌరవనీయుడైన వినియోగదారుడు అయ్యాడు. రెండేళ్ళలో మనిషి మారలేదు, మందు మారలేదు, ఖజానా అవసరం మారింది. ఇవాళ గంజాయి విషయంలో ‘సహజంగానే నేరం’ అని వాదించేవాళ్ళని ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోమంటాను. మన చట్టంలోనే గంజాయి మొక్క పూత నేరం, ఆకుతో చేసే భంగు ఆ నిర్వచనంలోకి రాదు. విశాఖ మన్యంలో 2021లో ‘ఆపరేషన్ పరివర్తన్’ పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిలు దొరకడం గగనం. మూట మోసిన ఆదివాసీ కూలి, ఆ మూటకి డబ్బు పెట్టినవాడు ఒకే చట్టం ముందు నిలబడతారు, నిలబడితే.

ఇంతవరకూ నేను చెప్పిన కథలన్నిటిలో స్త్రీ తాగినవాడి పక్కనే ఉంది. ఆమే తాగితే? 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 10 నుంచి 75 ఏళ్ళ మగవాళ్ళలో 27.3 శాతం, ఆడవాళ్ళలో 1.6 శాతం మద్యం వాడతారు. ఆ 1.6 చూసి తృప్తిపడేవాళ్ళుంటారు. తెలంగాణలో కల్లు సంగతి తెలిసినవాళ్ళు తృప్తిపడరు. ఇక్కడ కల్లు బోనాల్లో సాకగా పోసేది, పెళ్ళిలో చావులో ఆడా మగా కలిసి తాగేది, నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళు ఒళ్ళు నొప్పులకి తాగేది. దాన్ని మద్యం అని కూడా చాలామంది అనుకోరు. సర్వేకి వచ్చిన మనిషి అడిగితే ఏమని చెప్తారు?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు జరిగాయి. కల్లులో కలుపుతున్నవి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. ఇందులో అల్ప్రాజోలం సాక్షాత్తూ మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉన్న మందు. తాము తాగేదాంట్లో అది ఉందని తాగేవాళ్ళకి తెలియదు. దుకాణాలకి ఆ కల్లు రావడం ఆగేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ ఆస్పత్రులకి వచ్చారు. కొందరు చనిపోయారు. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు, కూలికి పోయే నడివయసు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. చట్టం ఒక రాత్రిలో నేరాన్ని పట్టుకుంది, తెల్లారేసరికి రోగుల్ని తయారుచేసింది. మధ్యలో ఒక్క డాక్టరుని, ఒక్క మాత్రని కూడా ముందుగా సిద్ధం చేయలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు వరస కట్టినవాళ్ళని చూసినప్పుడూ ఇదే. నేరం అనే చూపుకి రేపటి ఉదయం కనబడదు. నేను ఆరోగ్యం వైపు నిలబడటానికి ఇదొక్కటే చాలు. పోర్చుగల్ 2001 నుంచి, పది రోజుల సొంత వాడకానికి సరిపడేంత దగ్గరుంటే క్రిమినల్ కేసు లేకుండా, వైద్య, సామాజిక సేవారంగాల వాళ్ళు కూడా ఉండే కమిషన్ ముందుకి పంపుతోంది. మనకి అంతదూరం పోనక్కర్లేదు, పాలమూరు చాలు.

మరి ఆ పాలమూరు ముసలమ్మ గురించి కథ ఏది? నాకు తెలిసిన తెలుగు కథలన్నీ వెతికాను. తాగుబోతు భార్యలు వందల్లో ఉన్నారు. ఓపికపట్టేవాళ్ళు, తిరగబడేవాళ్ళు, చచ్చిపోయేవాళ్ళు. మా స్త్రీవాద కవిత్వంలో, కథల్లో కూడా మందువాసన ఎప్పుడూ మొగుడి నోట్లోంచే వస్తుంది. అది అబద్ధమని నేననను, ఎక్కువ ఇళ్ళలో నిజం అదే. కానీ కల్లు మానేసి మూడో రోజు మంచానికి కట్టేస్తే గుడ్లు తేలేసిన ఆడమనిషిని లోపలి నుంచి చూసి రాసిన కథ నాకు దొరకలేదు.

ఇక ఆరోగ్యం మీద నా అనుమానం. తార్నాకకి దగ్గర్లో ఒక కాలేజీలో నేను కొంతకాలం పార్ట్‌టైం పాఠాలు చెప్పాను. అక్కడ హాస్టల్లో ఉన్న ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు గంజాయి సిగరెట్టుతో దొరికారు. పోలీసుల దాకా పోలేదు, అంతా పెద్దమనసుతో ‘ఇది ఆరోగ్య సమస్య, కేసు వద్దు’ అన్నారు. అబ్బాయిలకి కౌన్సెలింగ్ రెండు సిట్టింగులు. అమ్మాయిని తండ్రికి అప్పగించారు. ఆయన ఆమెని ఊరవతల ఒక డీఅడిక్షన్ కేంద్రంలో చేర్చాడు. ఆమెని అడగలేదు. మూడు నెలలు ఫోను లేదు, గది బయట తాళం. ఆ కేంద్రంలో ఆమెకి నేర్పినవి యోగా, వంట. విడిచిపెట్టేముందు గర్భపరీక్ష చేశారు. ఎందుకని అడిగితే ‘రొటీన్’ అన్నారట. ఆ తండ్రి దుర్మార్గుడు కాదు, నాతో మాట్లాడుతూ ఏడ్చాడు. ‘జైలుకి పోకుండా కాపాడుకున్నానమ్మా’ అన్నాడు. ఆయన నమ్మకంలో అది నిజమే.

1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ మనకి నేర్పింది ఇదే కదా. డాక్టరు చేతిలో పెట్టినంత మాత్రాన స్త్రీ శరీరం ఆమెది కాదు. గర్భసంచి దగ్గర, మందుల చీటీ దగ్గర, పిచ్చాస్పత్రి గుమ్మం దగ్గర మనం అడిగిన ప్రశ్నలే డీఅడిక్షన్ గుమ్మం దగ్గరా అడగాలి. చేరేటప్పుడు సంతకం ఎవరిది? బయటికి వచ్చే హక్కు ఎవరిది? ఆడవాళ్ళకి వేరే వార్డు ఉందా, చంటిపిల్లతో వస్తే చోటుందా? 2017 చట్టం రోగి సమ్మతి గురించి, హక్కుల గురించి పేజీలకి పేజీలు రాసింది. తండ్రి, భర్త ఆ పేజీల్ని దాటి లోపలికి వస్తారు. ఇంకోటి కూడా ఉంది. ఆరోగ్య సమస్య అనగానే ‘కుటుంబం సహకారం’ అంటారు. కుటుంబం అంటే ఎవరో మనకి తెలుసు. మాత్రలు లెక్కపెట్టేది, జేబులు వెతికేది, రాత్రంతా మేలుకుని చూసేది, డాక్టరు దగ్గరికి సెలవు పెట్టి వెళ్ళేది. భార్యని జీతంలేని నర్సుగానూ, యూనిఫాం లేని పోలీసుగానూ నియమించి దానికి వైద్యం అని పేరు పెడితే, నెల్లూరు స్త్రీలు వీధిలోకి తెచ్చిన సమస్యని మళ్ళీ పడగ్గదిలోకి తోసినట్టే.

ఆ అమ్మాయి చదువు ఒక ఏడాది పోయింది. తర్వాత ఇంకో యూనివర్సిటీలో ఎమ్మే తెలుగులో చేరింది. పోయిన నెల ఫోన్ చేసి, ప్రాజెక్టుకి ‘తెలుగు కథల్లో మత్తు, స్త్రీలు’ అనే అంశం తీసుకున్నానని చెప్పింది. గైడు ఒప్పుకున్నాడట, ‘తాగుబోతు భర్తల మీద బోలెడు కథలున్నాయి, సులువుగా అయిపోతుంది’ అన్నాడట. తాగే స్త్రీలు ఉన్న కథల జాబితా రాసుకుంటే ఒక కాగితంలో సగం కూడా నిండలేదంది. కథలు చాలకపోతే పేపర్లో వచ్చిన వార్తల్ని పాఠ్యాలుగా తీసుకోవచ్చా మేడమ్ అని అడిగింది. తీసుకో అన్నాను. 2015 సెప్టెంబరు జిల్లా ఎడిషన్లతో మొదలుపెట్టు, మహబూబ్‌నగర్‌ది ముందు చూడు అన్నాను.